పాకాలకు అద్దం పట్టుకుపోయాను

మార్చి రెండో వారం. పొద్దున ఆరింటికి హనుమకొండలో బస్సెక్కేటప్పుడు నా సంచిలో మంచినీళ్ల సీసా, రెండు అరటిపండ్లు, గడ్డం గీసుకునే అద్దం ఉన్నాయి. అద్దం ఎందుకని మా ఆవిడ అడిగితే, చేపలకు అన్నాను. ఇంకేం అడగలేదు. జంతుశాస్త్రం చెప్పేవాడి ఇంట్లో ఇలాంటివి మామూలే.

2005లో రుయి ఒలివేరా అనే పోర్చుగల్ పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు మొజాంబిక్ తిలాపియా (మనం జిలేబి అనే చేప) మగచేపల ముందు అద్దం పెట్టి చూశారు. తన బొమ్మేనని తెలియక చేప రెక్కలు విప్పి మీదికి దూకింది. కొట్లాట నిజమే, కానీ పోరు తర్వాత పెరగాల్సిన మగ హార్మోన్లు పెరగలేదు. అద్దంలోది ఓడిపోదు, గెలవదు. గెలుపోటములు తేలకపోతే ఒంట్లో రసాయనం కూడా కదలదన్నమాట. ఇదే జాతిలో పెత్తనం చేసే మగచేప మూత్రం ఆపుకొని, పోటీదారు ఎదురైతే కొంచెం కొంచెంగా వదిలి తన హోదా చాటుకుంటుంది. ఈ ముక్క చెబితే క్లాసులో వెనక బెంచీలు నిద్ర లేస్తాయి.

నర్సంపేటలో దిగి ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. అడవి మొదలయ్యాక గాలి చల్లబడింది. కాకతీయుల కాలంలో, గణపతిదేవుడి హయాంలో కట్టిన పాకాల చెరువు ఇది. ఎనిమిది వందల ఏళ్లుగా నీళ్లు ఆపుతున్న ఆ కట్ట మీద నిలబడితే నా ప్రయోగం కాస్త చిన్నగా అనిపించింది.

నీళ్లు తగ్గిన ఒడ్డున మోకాళ్ల లోతు వరకు దిగి అద్దం ముంచాను. గంట గడిచినా ఒక్క చేప రాలేదు. వల సర్దుకుంటున్న ముసలాయన చూసి చూసి అడిగాడు.

"అద్దం దేనికి సారూ?"

"జిలేబి చేపకు చూపిద్దామని, తాతా."

"చేపకేమన్న పెండ్లిచూపులా? ఎండకు గట్ల మెరిస్తె అది దగ్గరికొస్తదా!"

నవ్వి, ఎండిన ఒండ్రు వైపు తీసుకెళ్లాడు. పళ్లెం తిప్పి అద్దినట్టు గుండ్రటి గుంతలు, పక్కపక్కనే, పదుల కొద్దీ. "మొగది తవ్వుతది. పక్కోడు గీత దాటితె ఊకోడు. ఆడది గుడ్లు నోట్ల వెట్టుకొని పోతది."

1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప సంసారమంతా ఆయన నాలుక చివరే ఉంది. నేను పుస్తకాల్లో పదేళ్లు వెతికాను.

"మరి కొర్రమట్ట?"

"దానికి అద్దమెందుకు? ఎర్రగ పిల్లల గుంపు తేలుతదా, అండ్ల చెయ్యి వెట్టు. తల్లి కింద్నుంచి వచ్చి తగులుతది."

తండ్రి కూడా కాపలా కాస్తుందని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితె ఇన్నొద్దులు తండ్రిని గూడ తల్లనే తిట్టిన్నా!" అన్నాడు.

అద్దం ఆయనకు నచ్చింది. మీసం సవరించుకుని చూసుకుంటుంటే తిరిగి అడగడానికి నోరు రాలేదు.

రాత్రి ఇల్లు చేరగానే మా ఆవిడ సంచి దులిపింది. "చేపలేవీ? అద్దమేదీ?"

రెండూ పాకాలలోనే ఉన్నాయన్నాను.