నాన్న కోపం, నా కోపం

నిన్న రాత్రి పాప మీద అరిచాను. ఆ గొంతు అచ్చం నాన్నదే. మా రక్తంలోనే ఉందని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. కానీ యాభై ఏళ్ల కవలల పరిశోధనలను 2015లో కలిపి చూస్తే, మనుషుల లక్షణాల్లో కనిపించే తేడాలకు జన్యువుల వాటా సగటున 49 శాతమే. అది కూడా జనాభా మొత్తానికి వేసిన లెక్క, నా ఒక్కడి కోపానికి కాదు. ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు సంగతి నన్ను బాగా కదిలించింది. లోపం జన్యువులోనే ఉంటుంది, అయినా పుట్టగానే గుర్తించి ఆహారం మారిస్తే మెదడు దెబ్బతినకుండా కాపాడవచ్చు. నాన్న నుంచి నాకు జన్యువులూ వచ్చాయి, అరుపులతో నిండిన ఇల్లూ వచ్చింది. ఏది ఎంతో నేను విడదీయలేను. పాప పెరిగే ఇల్లు మాత్రం నా చేతుల్లో ఉంది. పొద్దున్నే తన పక్కన కూర్చుని సారీ చెప్పాను.