ఆస్టిన్‌లో ఆగస్టు, 2025

"నంబర్ వన్ సరే, మరి లైన్ సంగతేంటి?" అన్నాడు మా రూమ్మేట్, టీ గ్లాసు పక్కన పెట్టేసి మరీ.

ఇవాళ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌కి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే ప్రీసీజన్ (సీజన్ మొదలవకముందు) ర్యాంకులు వచ్చాయి. అందులో టెక్సస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్ మొదటి స్థానంలో ఉండటం ఇదే తొలిసారి. ఎగిరి గంతేశాను.

కానీ వాడన్నదీ నిజమే. లైన్ అంటే క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి విసిరే ఆటగాణ్ని, ముందు నిలబడి కాచే ఐదుగురు. పోయినేడు ఆడిన ఆ ఐదుగురిలో నలుగురు వెళ్లిపోయారు. ఈసారి క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ ఎంత బాగా విసిరినా ముందు ఆ గోడ నిలబడాలి కదా! క్యాంపు వార్తల్లో నేను రోజూ వెతికేది ఆ కొత్త కుర్రాళ్ల గురించే.

జనవరిలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ జట్టు చేతిలో 28-14తో ఓడిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. గోల్ లైన్ దాకా వెళ్లి బంతి పోగొట్టుకున్నాం.

30న మొదటి మ్యాచ్ మళ్లీ వాళ్లతోనే, వాళ్ల ఊరు కొలంబస్‌లో. గెలుస్తామనే నా నమ్మకం. టెన్షన్ మాత్రం ఇప్పటినుంచే.