పేగు మడతల నమూనా: నాలుగోసారీ కుచ్చు కుదరలేదు

పిండంలో పేగు ఎలా రూపుదిద్దుకుంటుందో చూపే నమూనాలు చేస్తున్నాను. నిన్న రాత్రి సాగదీసిన పొరను పట్టి ఉంచిన క్లిప్పులు తీయగానే, దానికి కుట్టిన గొట్టం మళ్లీ ఒక పక్కకు ఒరిగిపోయింది. పిండం ముడుచుకునే నాలుగో వారంలో పేగు గొట్టంగా మారే నమూనా, ఆరో వారంలో బొడ్డుతాడులోకి జారిన పేగు తనకు రక్తం తెచ్చే సుపీరియర్ మీసెంటరిక్ ధమని ఇరుసుగా 90 డిగ్రీలు, పదో వారంలో పొట్టలోకి తిరిగి వస్తూ మరో 180 డిగ్రీలు తిరిగే తీగ నమూనా, ఈ రెండూ చక్కగా వచ్చాయి. మొండికేసింది చిన్నపేగు మడతలే.

2011లో క్లిఫర్డ్ టాబిన్, ఎల్. మహదేవన్‌ల హార్వర్డ్ బృందం కోడి పిండాలలో చూపినదాని ప్రకారం, పేగు తనను పట్టి ఉంచే మీసెంటరీ పొర కంటే వేగంగా పెరుగుతుంది కనుక, పొర లాగినకొద్దీ మడతలు పడుతుంది. పొరను వేరుచేస్తే పేగు తిన్నగా అవుతుంది. సాగదీసిన లేటెక్స్ పొరకు రబ్బరు గొట్టాన్ని కుట్టి వదిలి, వారు అవే మడతలను రప్పించారు. తిరుపతిలో మా డాబా మీద నేను చేస్తున్నదీ అదే.

చేపల తొట్టి సిలికాన్ గొట్టం, బయటి వ్యాసం 6 మిల్లీమీటర్లు, లోపలిది 4. పొరగా వాడిన వ్యాయామపు రబ్బరు పట్టీ 30 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు. దానిని చెక్క మీద 45 సెంటీమీటర్లకు సాగదీసి, సెంటీమీటరుకొక కుట్టు చొప్పున గొట్టాన్ని ఒక అంచుకు కుట్టాను. అయిదు సమానమైన మడతలు రావాలని ఆశిస్తే, ఎడమవైపు మూడు చిన్నవి, కుడివైపు పక్కకు పడిపోయిన పెద్దది ఒకటి వచ్చాయి. నడుమ 12 సెంటీమీటర్లు కర్రలా నిలిచిపోయింది. సాగదీయక ముందు పొర మీద సెంటీమీటరు దూరంలో పెట్టిన పెన్ను గీతలను ఈసారి కొలిచాను. అన్నిచోట్లా 15 మిల్లీమీటర్లు ఉండవలసిన ఎడం ఎడమవైపు 17, నడుమ 13 ఉంది. పొర చెక్కకు అతుక్కుని సమంగా సాగలేదన్నది నా మొదటి అనుమానం. రెండోది నూలు దారం: పొర ముడుచుకుంటున్నా అది ముడుచుకోదు, పైగా మూడు కుట్ల దగ్గర రంధ్రాలు చిరిగాయి. వెడల్పు చాలకపోవడమూ కారణం కావచ్చు. పేరులేని వ్యాయామపు పట్టీ కొనడం నా పిసినారితనం. థెరాబ్యాండ్ పసుపు పట్టీ ఖరీదైనా, మందం ఒకేలా ఉన్నట్టు చేతికే తెలుస్తుంది. సిలికాన్‌కు జిగురు వాడమనే సలహాను మాత్రం నేను నమ్మను.

పావడాలు కుట్టిన చేయి గల మా అమ్మ ఈ వంకరను చూసి, "ఒక కొన నుంచి కుట్టుకుంటూ పోతే కుచ్చు ఎక్కడ సమంగా వస్తుందిరా? రెండింటినీ నాలుగు భాగాలు చేసి, గుర్తుకు గుర్తు కలిపి, తర్వాత నడుమ కుట్టు" అన్నది. ఇన్నాళ్లూ నేను ఎడమ కొన నుంచే మొదలుపెట్టాను.

అయిదోసారి పౌడరు చల్లిన చెక్క, 15 సెంటీమీటర్ల వెడల్పు పొర, ఎలాస్టిక్ దారం, అమ్మ చెప్పిన గుర్తులు. అది కుదిరాక 4 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న గొట్టానికి మారతాను. మడత నిడివి గొట్టపు బిరుసుకు ఘనమూలంగా మారుతుంది కనుక, అది ఇప్పటి దానిలో సుమారు 60 శాతానికి తగ్గాలి. ఆ తర్వాత దాదాపు 2 శాతం మందిలో పిండదశ నుంచి చిన్నపేగు మీద చిన్న సంచిలా మిగిలిపోయే మెకెల్ తిత్తిని కూడా పెట్టాలని ఉంది; దానికి గ్లవ్ వేలి కొన ఒకటి ఇప్పటికే కత్తిరించి పెట్టుకున్నాను.