కేస్ షీటులో ‘వాసన’ అని రాస్తే చాలా? మా బావ యాక్సిడెంట్ కేసులో నా అనుభవం

తీర్పు కాపీ చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

చీమకుర్తి వైపు నుంచి బండలేసుకొచ్చిన గ్రానైట్ లారీని చీకట్లో రోడ్డు మీదే ఆపేశారు. వెనక లైట్లు లేవు, రిఫ్లెక్టర్ లేదు, అడ్డంగా పెట్టే కొమ్మ కూడా లేదు. బైకు మీద వస్తున్న మా బావ రాత్రి ఏడున్నరకి దానికి గుద్దుకున్నాడు. తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు.

ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, వికలాంగ సర్టిఫికెట్ పెద్దగా తిప్పలు పెట్టలేదు. పరిహారం పిటిషన్‌కు ఆరు నెలల గడువని చట్టంలో ఉంది, లోపలే వేశాం.

అసలు గొడవ ఒక్క లైనుతో మొదలైంది. మొదట తీసుకెళ్ళిన ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ కేస్ షీటులో ‘ఆల్కహాల్ వాసన ఉంది’ అని రాశాడు. రక్తం తీయలేదు. లారీ ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ లైను పట్టుకుని, తాగి గుద్దాడు కాబట్టి సగం తప్పు ఇతనిదే, పరిహారంలో సగం కోసెయ్యాలి అన్నారు.

బావ తాగలేదని నేననను. ఆ మధ్యాహ్నం గృహప్రవేశంలో ఒంటిగంటకు ఒక బీరు తాగాడు. పిల్లలకు లెక్కలు చెప్పుకునే వాణ్ణి కాబట్టి కాగితం తీసుకుని కూర్చున్నా. విడ్‌మార్క్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1932లోనే దీనికి సూత్రం ఇచ్చాడు. 650 మి.లీ. బీరు, 5 శాతం అంటే 32.5 మి.లీ. ఆల్కహాల్, బరువు సుమారు 26 గ్రాములు. బావ 72 కిలోలు. మగవాళ్ళకు 0.68తో గుణిస్తే 49. 26ని దానితో భాగిస్తే కిలోకి 0.53 గ్రాములు, అంటే 100 మి.లీ. రక్తంలో దాదాపు 53 మి.గ్రా. శరీరం గంటకు 15 మి.గ్రా. చొప్పున తగ్గించుకుంటుంది. ఆరున్నర గంటలు గడిచాయి. గంటకు 10 చొప్పున నిదానంగా తగ్గిందనుకున్నా 65 పోవాలి, ఉన్నది 53. అంటే గుద్దుకునే సమయానికి రక్తంలో మిగిలింది సున్నా. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30.

ఇదే లెక్క అందరినీ కాపాడుతుందనుకోకండి. అదే బరువున్న మనిషి రాత్రి పదింటికి రెండు క్వార్టర్ల విస్కీ పట్టించి, పొద్దున ఆరింటికి ఫ్రెష్‌గా ఉన్నానంటూ బండెక్కితే రక్తంలో ఇంకా వందకు పైనే ఉంటుంది. స్నానం చేస్తే దిగదు, మజ్జిగ తాగితే దిగదు.

నా కాగితం చూసి మా లాయరు నవ్వాడు. “ఇది మీకు తృప్తి మాస్టారూ, కోర్టుకు సాక్ష్యం కాదు. తాగి ఉన్నాడని నిరూపించాల్సింది వాళ్ళు” అన్నాడు. ఆయనన్నది నిజమే అయినా నవ్వాల్సిన అవసరం లేదు.

తర్వాత బావను బోనెక్కించారు. చంకలో కర్రతో నిలబడ్డ మనిషిని అవతలి లాయరు అడిగిన మొదటి ప్రశ్న, “మందు అలవాటెన్నాళ్ళ నుంచి?” కోర్టు హాల్లో మా ఊరివాళ్ళు ఉన్నారు, వేరే కేసుకొచ్చిన మా వియ్యంకుడి తమ్ముడూ ఉన్నాడు. “కల్లు తాగుతారా? ఇంట్లో గొడవలయ్యాయా? ఆరోజు తాగారా లేదా, అవునో కాదో చెప్పండి.” లేదని చెప్పేస్తే పోద్దని గుమాస్తా ముందే చెవిలో ఊదాడు. బావ మాత్రం “అవునండి, మధ్యాహ్నం ఒక బీరు” అన్నాడు. అక్క తల వంచుకుని బయటికెళ్ళిపోయింది. వరండాలో “ఇదేంది తమ్ముడూ, కాలు ఇరగ్గొట్టినోడు దొరబాబు, ఈయనేమో తాగుబోతా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

వాళ్ళే పిలిపించిన డాక్టర్ వల్ల కేసు తిరిగింది. మా లాయరు వరసగా అడిగాడు. రక్తం తీశారా? లేదు. మూత్రం? లేదు. మాట తడబడిందా? లేదు, పేరూ ఊరూ ఆయనే చెప్పాడు. నడక తూలిందా? “తొడ విరిగినాయన నడవలేదండీ.” జడ్జిగారు కూడా నవ్వు ఆపుకున్నారు. 1971లో బచ్చూభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే: రక్త, మూత్ర పరీక్ష లేకుండా నోటి వాసన, తూలే నడక, పెద్దవైన కంటిపాపలు చూసి తాగాడని తేల్చలేం. లారీని లైట్లు లేకుండా రోడ్డు మీద వదిలెయ్యడమే ప్రమాదానికి కారణమని తీర్పొచ్చింది, కోత పడలేదు. తొంభై రోజుల్లో వాళ్ళు హైకోర్టుకు వెళ్ళొచ్చు, వెళ్తారేమో చూడాలి.

మీకిలా జరిగితే ఆస్పత్రిలోనే రక్తం తీయమని రాతపూర్వకంగా అడగండి. సూది గుచ్చే చోట స్పిరిట్ రాయనివ్వకండి. సీసాలో ఫ్లోరైడ్ ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే నిల్వ ఉన్న రక్తం పులిసి దానంతటదే ఆల్కహాల్ పుట్టొచ్చు. అప్పుడు అడగాలని ఎవరికి తోస్తుందీ అంటారు. తోచదు, పక్కనున్న వాళ్ళే అడగాలి.

బైకు రిపేరు డబ్బు సంగతి వేరు. అది మన పాలసీ, మన కంపెనీ, ఆ షరతులే వేరు. సొంత బండి నష్టం విషయంలో పరీక్ష రిపోర్టు లేకపోయినా మిగతా పరిస్థితులను బట్టి తాగాడని కంపెనీ వాదించొచ్చని 2021లో సుప్రీంకోర్టు పెర్ల్ బెవరేజెస్ కేసులో చెప్పింది. ఆ ఒక్క ‘వాసన’ లైను చూపించే మా క్లెయిమ్ కొట్టేశారు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. డాక్టర్ సాక్ష్యం కాపీతో పాటు, లాయరు వద్దంటున్నా, నా లెక్కల కాగితం కూడా జతచేశా.