హైవే డ్యూటీ అంటే సగం రాళ్ళు ఏరే పనే

ఏ పెళ్ళికి పోయినా చుట్టాలు అడిగేది ఒకటే, "ఏం అల్లుడూ, ఎంతమంది దొంగల్ని పట్టినావు?" అని. హైవే పెట్రోలింగ్ అంటే సైరన్ కొట్టుకుంటా ఎవర్నో ఒకర్ని తరుముకుంటా పోతామని అందరి లెక్క. నేను నవ్వి ఊరుకుంటా, ఉన్న సంగతి చెప్తే పరువు పోతుంది మరి. ఉన్న సంగతి ఏందంటే, రాత్రి డ్యూటీలో మేం ఎక్కువగా చేసేది రోడ్డు మీద రాళ్ళు ఏరి పక్కన పారేయడం.

ఆ రాళ్ళు యాడ నుంచి వస్తాయి అంటారా. లారీ పంచర్ అవుతుంది, డ్రైవర్ దిగి టైరు కింద రెండు బండరాళ్ళు పెడతాడు, ఎనకాల కొంచెం దూరంలో ఇంకో నాలుగు, వాటి మీద తుమ్మకొమ్మ ఒకటి ఇరిచి పెడతాడు. ఎనకొచ్చే బండ్లకి అదే సిగ్నల్. స్టెప్నీ ఎక్కిస్తాడు, జాకీ దించుతాడు, క్లీనర్ని ఎక్కమంటాడు, పోతాడు. రాళ్ళు మాత్రం అట్నే ఉంటాయి. గంట తర్వాత ఎవరో పిల్లోడు బైకు మీద వస్తాడు, లైటు సరిగ్గా ఉండదు, కొమ్మ గాలికి ఎప్పుడో ఎగిరిపోయింటుంది, నల్ల రోడ్డు మీద నల్లరాయి ఏం కనిపిస్తుంది.

మాది 44వ నంబర్ హైవే, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయేది. తుంగభద్ర బ్రిడ్జి దాటి కర్నూల్లోకి వస్తుంది, వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి మీదుగా అనంతపురం, ఆ పైన బెంగళూరు. హైదరాబాద్‌లో రాత్రి భోంచేసి బస్సెక్కినోళ్ళు గాఢనిద్రలో దాటేది మా ఏరియానే. బేతంచెర్ల బండల లారీలు, ఆదోని పత్తి లారీలు, ఉల్లిగడ్డల లోడ్లు, అనంతపురం నుంచి చీనీకాయలు, అన్నీ ఇదే రోడ్డు. పత్తి లారీ సంగతి చెప్పనక్కర్లేదు, బోరెం ఎనక్కి దిగి టెయిల్ ల్యాంపు మీద పడి ఉంటుంది, దగ్గరికి పోయేదాకా అది లారీనో చీకటో తెలీదు.

2021 ఫిబ్రవరి 14న వెల్దుర్తి దగ్గర టెంపో డివైడర్ దాటిపోయి లారీని కొట్టి 14 మంది పోయినారు, మదనపల్లి నుంచి అజ్మీర్ పోయేవాళ్ళు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయింది అందరికీ తెలుసు, బస్సులో 19 మంది పోయినారు. అప్పటికే ఒక బైకు పడిపోయి రోడ్డు మీద ఉండింది, బస్సు దాని మీదికెక్కి ఈడ్చుకుంటా పోతే మంటలు లేచినాయి. ఆ రాత్రి నాకు అక్కడ డ్యూటీ లేదు, కేసు గురించి నేను మాట్లాడకూడదు, మాట్లాడను కూడా. కానీ అప్పట్నుంచి రోడ్డు మీద ఏదన్నా పడి ఉందని వైర్‌లెస్ సెట్‌లో వినపడితే చాలు, మా బండిలో ఎవ్వరూ టీ పూర్తిగా తాగరు. చచ్చిన కుక్క కానీ, పేలిన టైరు తునక కానీ, ముందు పోయి తీసేయాల్సిందే.

ఆగిన లారీ దగ్గర నిలబడేది కూడా ఒక విద్య. నాకు నేర్పింది మాతో ఉండే హోంగార్డు భాయ్, వయసులో మా నాయనంత ఉంటాడు. ట్రాఫిక్‌కి వీపు పెట్టి నిలబడొద్దు, ఎవరు పిలిచినా సరే తిరగొద్దు. మన జీపు లారీకి ఆనించి ఆపొద్దు, దూరంగా ఎనకాల ఆపి స్టీరింగ్ ఎడమకి తిప్పిపెట్టాలి, ఎవడన్నా వచ్చి గుద్దినా జీపు పొలంలోకి పోతుంది గానీ మన మీదికి రాదు. కోన్లు దగ్గర దగ్గర పెడితే లాభం లేదు, స్పీడులో వచ్చేవాడికి అవి కనపడే లోపల వాడు వచ్చేసి ఉంటాడు. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెప్పలేదా అంటే చెప్పే ఉంటారు, పరేడ్ చేసి అలిసిపోయి కూర్చున్నప్పుడు ఎవరికి ఎక్కుతుంది లెండి.

మొన్న ప్యాపిలి ఘాటు కాడ ఒక బండల లారీ బేరింగ్ పోయి సగం రోడ్డు మీదే ఆగిపోయింది, ఒక్క లైటు లేదు. భాయ్ దిగి, "ఏమప్పా, ఇండికేటర్లన్నా ఏసుకోకూడదా?" అన్నాడు. "బ్యాటరీ డౌనైంది సార్, ఓనర్‌కి చెప్పి నెలయింది" అన్నాడు డ్రైవర్. చెప్తానే జేబులోంచి వంద నోటు తీసినాడు. అడగలేదు, ఏమీ లేదు, యూనిఫామ్ కనపడితే చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది, అంత అలవాటు చేసినారు వాళ్ళకి, మా డిపార్ట్‌మెంట్ వాళ్ళమే చేసినాం, దాచేదేముంది. భాయ్ ఆ నోటు జేబులోనే పెట్టించి టార్చి చేతికిచ్చి ఎనకాల నిలబడి ఊపమన్నాడు. హైవే హెల్ప్‌లైన్ 1033కి చెప్తే క్రేన్ వచ్చేసరికి తెల్లారింది, అంతసేపూ ముగ్గురం చేతులు ఊపుకుంటానే ఉన్నాం.

కేసు రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కదా, భారతీయ న్యాయ సంహిత, బీఎన్ఎస్ అంటారు, అందులో 285 సెక్షన్ ఇదే, దారికి అడ్డంగా పెట్టినందుకు 5 వేల దాకా ఫైను. పాత ఐపీసీలో అయితే 283, ఫైను 200 రూపాయలే, లారీ డ్రైవర్లు దానికన్నా టీలకే ఎక్కువ పెడతారు. డాబా ముందర రోడ్డు మీదే పెట్టి తింటా కూర్చునేవాడి మీద కచ్చితంగా రాస్తాం. బేరింగ్ పోయినోడి మీద అర్ధరాత్రి ఫైను రాస్తే ఏమొస్తుంది, లైట్లు రిపేరు చేయించనిది ఓనరు, కట్టేది డ్రైవరు.

రాత్రి రెండు నుంచి అయిదు దాకా డ్రైవర్లని ఆపి మొహం కడుక్కోమంటాం, ఫేస్ వాష్ అండ్ గో అని పేరు. మొదట్లో నాకే నవ్వొచ్చేది. ఆపగానే సగం మంది పేపర్ల కవర్ తీసుకుని దిగుతారు, నీళ్ళ క్యాన్ చూపిస్తే నమ్మరు. కండ్లు చూస్తే తెలిసిపోతుంది ఎవరు నిద్రలోనే తోలుతున్నారో, మనం అడిగిన దానికి జవాబు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. అట్లాంటోళ్ళని పక్కన ఆపి పండుకోమంటే లోడు టైముకి చేరకపోతే బాడుగ కోస్తారు సార్ అంటారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

యాక్సిడెంట్ అయితే జనం దూరంగా నిలబడి వీడియో తీస్తారని అందరూ తిడతారు. అందరూ అట్లాంటోళ్ళే కాదు, సగం మందికి స్టేషన్ భయం. మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని ఉంది, దెబ్బ తగిలినోళ్ళకి సాయం చేసినోళ్ళ మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ప్రాణం మీదున్నోళ్ళని మొదటి గంటలో ఆస్పత్రికి చేరిస్తే 25 వేలు ఇచ్చే కేంద్రం స్కీమ్ కూడా ఉంది. బిల్లు గురించి భయపడేవాళ్ళకి, 2025 మే నుంచి రోడ్డు ప్రమాదాల్లో లక్షన్నర దాకా, 7 రోజులు క్యాష్‌లెస్ వైద్యం పెట్టినారు.

ఇంక 112కి ఫోన్ చేసేవాళ్ళతో మాకొక పెద్ద తంటా.

"సార్, ఇక్కడ లారీ రోడ్డు మీదే ఆగిపోయింది."

"ఇక్కడంటే యాడప్పా?"

"డాబా దగ్గర సార్."

"ఏ డాబా?"

"పంజాబీ డాబా సార్."

కర్నూలు నుంచి గుత్తి దాకా పంజాబీ డాబా కానిది ఏదన్నా ఉంటే చెప్పండి. రోడ్డు పక్కన కిలోమీటర్ రాయి ఉంటుంది, దాని మీద నంబర్ చదివి చెప్పండి, బెంగళూరు పోయే వైపా హైదరాబాద్ పోయే వైపా అది కూడా చెప్పండి. వైపు తప్పు చెప్తే డివైడర్‌కి అవతల లారీ కనపడతానే ఉంటుంది, మేం మాత్రం యూటర్న్ కోసం ఎంతో దూరం ముందుకి పోయి తిరిగి రావాల్సిందే.