పడమటి వాలు, మూడున్నర ఎండ

మొన్న ఆదివారం విశాఖ హనుమంతవాకలో పిన్ని వాళ్లింటికి వెళ్లా, సాయంత్రం ఐదు దాటింది, పిన్ని అప్పుడే పనినుంచి వచ్చి తలుపు తాళం తీస్తోంది. తాళం కప్పని చేత్తో ముట్టుకోలేదు, చీర కొంగు రెండు మడతలు చుట్టి పట్టుకుని తీసింది. ఎండాకాలం వస్తే రోజూ అలాగే తీస్తాదంట. ఆ తలుపు సరిగ్గా పడమరకి ఉంటుంది. కొండవాలులో నూట పది మెట్లెక్కితే వస్తుంది ఇల్లు, రెండు గదులు, పైన సిమెంటు రేకులు, వెనక గోడకి జానెడు దూరంలో కొండరాయి చెక్కేసి ఉంటుంది. "పొద్దున ఏడు దాటేదాకా మాకు ఎండ మొహమే కనబడదురా నాన్నా, కొండ చాటు కదా, చల్లగా ఉంటాది. మూడు కొట్టాక మొదలవుతాది మా కష్టం" అంది.

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. ఎందుకంటే నేను చేసే పని మ్యాపులే, రెండు నెలల నుంచి ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని విశాఖలో ఏ వాలు మీద ఎంత ఎండ పడుతుందో గీస్తున్నా, పిన్ని చెప్పింది అచ్చంగా ఆ మ్యాపులో ఉంది. కానీ అందరూ చూసే శాటిలైట్ హీట్ మ్యాపులో మాత్రం లేదు. ఈ పోస్టు దాని గురించే.

ముందు ఒక సంగతి. మన ఊరికి వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రతలు రెండు చోట్లవి, ఒకటి వాల్తేరు, అంటే సముద్రం పక్కనే, రెండోది ఎయిర్‌పోర్ట్. మధ్యలో దూరం 10-12 కిలోమీటర్లు, అయినా ఎండాకాలంలో చాలా రోజులు ఎయిర్‌పోర్ట్ అంకే ఎక్కువ ఉంటుంది. ఒకే ఊరు, ఒకే సూర్యుడు, మరి తేడా ఎందుకంటే మన ఊరు బల్లపరుపుగా లేదు కాబట్టి. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ, డాల్ఫిన్ నోస్, మధ్యలో గిన్నెలాగా పల్లం, ఆ పల్లంలో పోర్టు, ఫ్యాక్టరీలు, రైల్వే యార్డులు, కాలనీలు. సముద్రపు గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచే లోపలికి వస్తుంది. బీచ్ రోడ్డులో ఉన్నవాళ్లకి పదకొండు, పన్నెండు దాటాక గాలి తిరగడం తెలుస్తుంది. పిన్ని వాళ్లకి సముద్రం సూటిగా చూస్తే రెండు కిలోమీటర్లే, కానీ మధ్యలో కైలాసగిరి అడ్డం, గాలి పైనుంచి దాటిపోతుంది గానీ వాళ్ల సందులోకి దిగదు. ఇంక పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి తిరగడమే ఆలస్యం అవుతుంది, ఆ రోజే ఊరంతా వడగాడ్పు.

ఇప్పుడు శాటిలైట్ సంగతి. పేపర్లలో, వాట్సాప్‌లో ఊరంతా ఎరుపు, పసుపు రంగుల్లో మ్యాపు ఒకటి వస్తుంటుంది కదా, అది ఎక్కువగా ల్యాండ్‌శాట్ 8, 9 శాటిలైట్ల నుంచి తీసింది. మంచి డేటా, ఉచితం, దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ అవి మన మీదుగా వెళ్లేది పొద్దున పది, పదిన్నర మధ్య. ఒక్కోటి 16 రోజులకోసారి వస్తుంది, రెండూ కలిపితే 8 రోజులకోసారి, మబ్బు పడితే అదీ లేదు. పదింటికి సూర్యుడు ఇంకా తూర్పు పక్కనే ఉంటాడు. అంటే ఆ ఫోటోలో తూర్పు వాలు కాలిపోతున్నట్టు ఎర్రగా కనిపిస్తుంది, పడమటి వాలు చల్లగా, నీలంగా కనిపిస్తుంది! దాన్ని పట్టుకుని ఎక్కడ వేడి ఎక్కువో తేల్చేస్తే పిన్ని వాళ్ల సందు "ఇబ్బంది లేని ప్రాంతం" అయిపోతుంది. నేను మొదటిసారి ఆ మ్యాపునీ నా మ్యాపునీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నిజంగా చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయా.

పైగా ఆ శాటిలైట్ వేడి కొలిచేటప్పుడు ఒక గడి, అంటే ఫోటోలో ఒక చుక్క, 100 మీటర్లు. మన కొండవాలు కాలనీల్లో 100 మీటర్లంటే మూడు సందులు, ఒక గెడ్డ (వాగు), ఒక వేపచెట్టు, ఒక బండరాయి, నలభై ఇళ్లు, అన్నీ కలిసి ఒకే రంగు. ఇంకోటి, అది కొలిచేది నేల, పైకప్పుల ఒంటి వేడి, మనం పీల్చే గాలి వేడి కాదు. స్పేస్ స్టేషన్ మీద 2018 నుంచి ఈకోస్ట్రెస్ అని నేల వేడి కొలిచే పరికరం ఒకటుంది, అది ఒక్కోసారి ఒక్కో టైంలో మన మీదుగా వెళ్తుంది, మధ్యాహ్నం, రాత్రి ఫోటోలు కూడా దొరుకుతాయి, గడి 70 మీటర్ల దాకా ఉంటుంది. నేను ఇప్పుడు వాటికోసం వెతుకుతున్నా.

సరే, ఎండ లెక్క ఎలా వేశానో చెప్తా, కష్టమేం కాదు. 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో భూమి ఎత్తుపల్లాలు కొలిచారు, ఎస్ఆర్‌టీఎం అంటారు, 30 మీటర్ల గడి. మన ఇస్రోదే కార్టోశాట్ ఎత్తుల డేటా వాళ్ల భువన్ వెబ్‌సైట్‌లో ఉంది, అదీ ఉచితమే. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ప్రతి గడికీ వాలు ఎంత, ఆ వాలు ఏ దిక్కుకి తిరిగి ఉంది అన్నవి రెండు క్లిక్కుల్లో వస్తాయి. తర్వాత ఆర్ డాట్ సన్ అనే టూల్ ఉంది, తేదీ, టైం ఇస్తే ఆ గడి మీద ఎండ ఎంత సూటిగా పడుతుందో, పక్క కొండ నీడ పడుతుందో లేదో కూడా లెక్కేస్తుంది.

మే నడిమధ్య, మధ్యాహ్నం మూడున్నర, మబ్బు లేదు అనుకోండి. సూర్యుడికి ఎదురుగా పట్టుకున్న పలక మీద పడే నేరు ఎండ 100 అనుకుంటే, బల్లపరుపు నేల మీద పడేది 63. ఇరవై డిగ్రీల వాలు పడమరకి తిరిగి ఉంటే 85. అదే వాలు తూర్పుకి ఉంటే 33 మాత్రమే. ఒకే కొండ, ఇటు 85, అటు 33! నిలువు పడమటి గోడ మీద కూడా 77 దాకా పడుతుంది, అందుకే స్లాబ్ ఇల్లయినా పడమటి గది సాయంత్రం పెనంలా అవుతుంది. శాటిలైట్ ఫోటో తీసే పదిన్నర ప్రాంతంలో ఇదే లెక్క తిరగబడుతుంది, తూర్పు వాలుకి 99, పడమటి వాలుకి 74 దరిదాపుల్లో.

పొద్దున తూర్పు వాలుకి కూడా అంతే ఎండ పడుతుంది కదా, మరి బాధ సమానమే కదా అని ఆఫీసులో ఒకతను అడిగాడు. సమానం కాదండీ. పొద్దున ఎనిమిదింటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది, గోడ కూడా రాత్రంతా చల్లారి ఉంటుంది. మూడున్నరకి ఊరి గాలే రోజంతా కాగి ఉంటుంది, దాని మీద ఈ ఎదురెండ. ఆ గోడ తాగిన వేడి ఇంట్లోకి దిగేది ఏడు, ఎనిమిది గంటలకి, సరిగ్గా వంట టైం, పిల్లలు చదువుకునే టైం. మనది సముద్రం ఊరు కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, 34 డిగ్రీలున్నా ఒళ్లు 40 అన్నట్టే ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, చాలా పుస్తకాల్లో దక్షిణం వాలు వేడి, ఉత్తరం వాలు చల్లన అని ఉంటుంది. అది పైన చలిదేశాల లెక్క. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మే 11, 12 తేదీల్లో మిట్ట మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేస్తాడు, అక్కడినుంచి జులై ఆఖరు దాకా మధ్యాహ్నం పూట మనకి కాస్త ఉత్తరం పక్కనే ఉంటాడు. కాబట్టి మండే నెలల్లో ఉత్తరం, దక్షిణం తేడా పెద్దగా లేదు, అసలు తేడా తూర్పు, పడమరలదే. డిసెంబర్‌లో మాత్రం పుస్తకం చెప్పిందే నిజం. ఎక్కడినుంచో తెచ్చిన రూలు మన ఊరి ప్లాన్‌లో పెట్టేస్తే తప్పు చోట చెట్లు నాటతాం, ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

ఈ లెక్కలన్నీ నాకు కాళ్లకి తెలిసింది మాత్రం పోయిన ఆషాఢం సింహాచలం గిరి ప్రదక్షిణలో. కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నమే బయల్దేరాం, చెప్పుల్లేకుండా, 32 కిలోమీటర్లు. అడవివరం నుంచి ముడసర్లోవ వైపు చెట్ల నీడ ఉన్నంతసేపు రోడ్డు బానే ఉంది, హనుమంతవాక వచ్చేసరికి తారు అరికాళ్లని పట్టుకుంటోంది, జనం అంతా రోడ్డు అంచున మట్టిలోకి దిగి నడుస్తున్నారు. అప్పుఘర్‌లో సముద్రంలో మునిగి లేచాక ప్రాణం లేచొచ్చింది. తర్వాత సీతమ్మధార దాటి మాధవధార చేరేసరికి రాత్రి పది, అక్కడ రోడ్డు ఇంకా గోరువెచ్చగా ఉంది, ఎడమ పక్క ఒక రాతి గోడకి ఆనుకుని కూర్చుంటే వీపుకి వేడి తగిలింది. రాత్రి పదింటికి! ఆ సందులోంచి తలెత్తి చూస్తే ఆకాశం అరచేయంత కనిపించింది. అదే కారణం. రాత్రి నేల, గోడలు తమ వేడిని ఆకాశంలోకి వదలాలి, ఆకాశం ఎంత కనిపిస్తే అంత త్వరగా చల్లారతాయి. మన పెద్దవాళ్లు డాబా మీద పక్కలు వేసుకునేది అందుకే కదా. ఇరుకు సందు, వెనక కొండరాయి, ముందు మూడంతస్తులు ఉంటే వేడికి పోయే దారి లేదు. ఈ ఆకాశం లెక్క కూడా ఎత్తుల డేటా నుంచి తీయొచ్చు, కాకపోతే బిల్డింగుల ఎత్తులు కూడా కలపాలి, 30 మీటర్ల గడితో ఆ పని అవ్వదు.

2015 మేలో ఏపీ, తెలంగాణ కలిపి 2,000 మందికి పైగా వడదెబ్బకి పోయారు. ఆ తర్వాత హెచ్చరికలు చాలా మెరుగయ్యాయి, ఇప్పుడు విపత్తుల సంస్థ మండలాల వారీగా ముందు రోజే చెప్తోంది, మంచి పని. కానీ మండలం మొత్తానికి ఒకే మాట. అదే మండలంలో తూర్పు వాలు, పడమటి వాలు, పల్లం, బీచ్ అన్నీ ఉన్నాయి. వాలు మ్యాపు ఉంటే చలివేంద్రం ఎక్కడ పెట్టాలో, ఎన్నింటిదాకా తెరిచి ఉంచాలో తెలుస్తుంది. పడమటి వాలు కింద చలివేంద్రం మధ్యాహ్నం మూడింటికి మూసేస్తే ఎవరికి ఉపయోగం? అక్కడ జనానికి అది కావాల్సింది అప్పటినుంచే. హుద్‌హుద్ తుఫానులో, 2014 అక్టోబర్ 12న, మన కొండల మీద చెట్లు కూలిపోయాయి, తర్వాత నాటినవి ఎక్కువ రోడ్ల పక్కనే కనిపిస్తాయి నాకు. పడమటి వాలు మీద ఇళ్లకి పడమర పక్క ఒక వరస చెట్లు చాలు, మూడున్నర ఎండకి గోడ మీద నీడ పడుతుంది. వేప, కానుగ, గాలికి తట్టుకునేవి. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ, అంటే ఎండని వెనక్కి కొట్టే పైకప్పుల పాలసీ, తెచ్చారు, మన దగ్గర కూడా ముందు కొండవాలు రేకుల ఇళ్లతో మొదలుపెట్టాలని గట్టిగా కోరుకుంటున్నా, ఎందుకంటే అక్కడ రేకు కూడా వాలుగా, పడమరకే తిరిగి ఉంటుంది, ఎండ దాని మీద సూటిగా పడుతుంది.

పిన్నికి ల్యాప్‌టాప్‌లో మ్యాపు చూపించా. మెట్లు, గెడ్డ, రామాలయం గుర్తుపట్టి వేలు పెట్టి చూపించింది, తర్వాత కొండకి అటుపక్క చూసి, "ఇదేనా మీ అప్ప వాళ్ల సందు? వాళ్లకి సందేళ నీడ పడిపోతాది, నేనెప్పుడూ చెప్తాను కదా" అంది. మూడున్నర ఎండకి అక్కడ అంకె 31, పిన్ని ఇంటి మీద 86.

వచ్చే ఆదివారం రేకుల మీద సున్నం కొడుతున్నాం, గమ్ కలిపి రెండు కోట్లు, బావ నిచ్చెన తెస్తానన్నాడు. రేకు మీద కాలు పెట్టకూడదు కాబట్టి చెక్క పలకలు వేసుకుని, పొద్దున ఏడు లోపు, కొండ నీడ ఉండగానే ఎక్కాలి. పక్కింటివాళ్లు మాక్కూడా కొట్టండి అన్నారు, వాళ్లది కొట్టకుండా పిన్నిదే కొట్టి వారం రోజులు రెండిళ్లలో థర్మామీటర్ పెడదాం, తర్వాత మీది కొడతాం అంటే ఒప్పుకున్నారు. సాయంత్రం నాలుగు, ఏడు, రాత్రి పది గంటలకి పిన్ని కూతురు రాసిపెడుతుంది, ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఖాళీగానే ఉంది.