జెండా ఎగరక ముందు, దిగిన తర్వాత

ఆగస్టు 12వ తేదీ తెల్లవారుజామున మా ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్) పిల్లలు చీపుర్లు, బకెట్లు, పాత గుడ్డపేలికలు పట్టుకొని తెనాలి రణరంగ చౌక్‌కు వస్తారు. 1942లో, క్విట్ ఇండియా ఉద్యమం మొదలైన నాలుగు రోజులకు, ఇదే తేదీన ఇక్కడ పోలీసులు జరిపిన కాల్పుల్లో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థం కట్టిన స్తూపాలు ఈ కూడలిలో ఉన్నాయి. పూలమాలలు వేసే పెద్దలు తొమ్మిది గంటల తర్వాత గానీ రారు. వారు వచ్చేలోగా ఏడాది పొడవునా పేరుకున్న దుమ్మును కడిగి, నేలను తుడిచి, ఇళ్లకు వెళ్లి స్నానాలు చేసి, ఇస్త్రీ యూనిఫాంలో తిరిగివచ్చి వరుసగా నిలబడాలి. మరునాడు పత్రికల్లో వచ్చే ఫొటోలో ఆ వరుస మాత్రమే కనిపిస్తుంది. బకెట్లు కనిపించవు.

నేను ఒక డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తాను. నాలుగేళ్ల క్రితం మా ఎన్‌సీసీ అధికారి పదవీ విరమణ చేసినప్పుడు, కొంతకాలం చూసుకోమని చెప్పి ఆ బాధ్యతను నాకు అప్పగించారు. నాగపూర్ దగ్గరి కాంప్టీలో ఉన్న ఎన్‌సీసీ అధికారుల అకాడమీలో శిక్షణ పూర్తిచేసి కమిషన్ పొందితే గానీ ఏఎన్‌ఓ (అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్) అనిపించుకోలేం కాబట్టి నేను ఇప్పటికీ కేర్‌టేకర్‌నే. కవాతు నేర్పడం నా పని కాదు. దానికి బెటాలియన్ నుంచి హవల్దార్లు వస్తారు, పిల్లలు వారిని ఉస్తాద్ అని పిలుస్తారు. హాజరు వేయడం, అల్పాహారం తెప్పించడం, తల్లిదండ్రులకు సమాధానం చెప్పడం నా వంతు.

హృదయనాథ్ కుంజ్రూ కమిటీ సిఫారసులపై 1948లో ఎన్‌సీసీ ఏర్పడింది. చైనా యుద్ధం తర్వాత 1963లో కళాశాల విద్యార్థులకు దీనిని తప్పనిసరి చేసి, 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఈనాడు తెల్లవారుజామున వచ్చే పిల్లలు ఎవరి బలవంతం మీదా రావడం లేదన్నమాట. అలాగని అందరూ దేశభక్తితోనే వస్తున్నారని నేను చెప్పను. ఎన్‌సీసీలో చివరి దశ పరీక్ష అయిన ‘సీ’ సర్టిఫికెట్ మంచి గ్రేడుతో తెచ్చుకుంటే సైన్యంలో అధికారి పోస్టుకు రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ (సైనికాధికారులను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక ప్రవేశ మార్గం ఉంది. ఆ ఆశతో వచ్చేవారు కొందరు, పరేడ్ తర్వాత పెట్టే పూరీ కూర కోసం వచ్చేవారు మరికొందరు. దేని కోసం వచ్చినా చీపురు పట్టుకుంటున్నారు, నాకు అది చాలు.

ఆగస్టు 15న మా పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ భయపడేది కవాతుకు కాదు, జెండా ముడికి. స్వాతంత్ర్య దినోత్సవం నాడు జెండాను కింది నుంచి పైకి లాగి ఎగరేయడం, గణతంత్ర దినోత్సవం నాడు పైన కట్టి ఉంచినదాన్ని విప్పడం ఎర్రకోటలోనూ కర్తవ్య పథ్‌లోనూ పాటించే పద్ధతి. మన ఊళ్లలో మాత్రం రెండు పండుగలకూ జెండాలో పూలరేకులు పోసి, చుట్టి, పైన కట్టి ఉంచడమే అలవాటు. ఆ చుట్టడంలో ఒక పనితనం ఉంది. ఇద్దరు క్యాడెట్లు జెండాను చెరోవైపు నేలకు తగలకుండా పట్టుకొని పొడవునా మడుస్తారు. బంతిపూల రేకులను గుప్పెడు మించకుండా పోసి చాపలా చుట్టి, తాడుతో జారుముడి వేస్తారు. ముడి వదులైతే పైకి లాగేటప్పుడే విచ్చుకొని పూలన్నీ కట్టేవాడి నెత్తిన పడతాయి. బిగుసుకుంటే అతిథి ఎంత లాగినా ఊడి రాదు.

ఒక సంవత్సరం సరిగ్గా అదే జరిగింది. రాత్రి ముడి వేసినప్పుడు బాగానే ఉంది. తెల్లవారుజామున పడిన చినుకులకు నూలు తాడు నాని బిగుసుకుపోయింది. అతిథి మూడుసార్లు లాగారు. జనగణమన అందుకోవలసిన ఆడపిల్లలు నోరు తెరిచి అలాగే నిలబడిపోయారు. చివరికి మా సీనియర్ క్యాడెట్ ముందుకు వచ్చి, సెల్యూట్ చేసి, జెండాను కిందికి దించి, గోటితో ముడి సడలించి మళ్లీ పైకి పంపాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది, యాభై రెండు సెకన్ల గీతం కోసం అంతసేపు ఎదురుచూడడం నాకు యుగంలా తోచింది. ఆనాటి నుంచి ముందురోజు సాయంత్రం మా పిల్లలు ముడి మీద చెంబెడు నీళ్లు పోసి, కాసేపు ఆగి, లాగి చూస్తున్నారు. కాషాయం పైకే ఉందా అని ఇద్దరు వేర్వేరుగా బట్టను తాకి మరీ చెప్పాలన్న నియమం కూడా వారే పెట్టుకున్నారు. జెండాకు తొలి రూపం ఇచ్చిన పింగళి వెంకయ్య గారి స్వగ్రామం భట్లపెనుమర్రు మాకు కృష్ణకు అవతలి వైపే ఉంది. ఇంత దగ్గరివాళ్లమై ఉండి జెండాను తలకిందులు చేస్తే ఎంత సిగ్గుచేటు అని మొదటి సంవత్సరం పిల్లలను సీనియర్లు బెదిరిస్తుంటారు.

ఇక్కడ నా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. క్యాడెట్ల చేత పని చేయించుకోవడం వేరు, క్యాడెట్లను అలంకారంగా నిలబెట్టుకోవడం వేరు. ఒకసారి ఒక సంస్థవారు తమ సభకు స్వాగతం పలకడానికి ఇరవై మందిని పంపమని కోరారు. అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. షామియానా నీడంతా కుర్చీలకే సరిపోయింది, పిల్లలు ఎండలోనే నిలబడ్డారు. బూటు లోపల కాలివేళ్లు కదుపుతూ ఉండండి, మోకాళ్లు బిగబట్టకండి అని ఉస్తాద్ నేర్పినదంతా పాటించినా, ఏమీ తినకుండా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు కళ్లు తిరిగి పడిపోయారు. వారిని నీడకు చేర్చి నీళ్లు తాగిస్తుండగానే, మిగిలినవారిలో నలుగురిని వేదిక మీదికి టీ కప్పులు తీసుకురమ్మని పురమాయించారు. ఆ రోజు నేను నోరు మెదపలేదు. అది నా తప్పే. ఇప్పుడు ఎవరు పిలిచినా ముందుగా కాగితం మీద రాసి ఇస్తున్నాను: నిలబడేది అరగంట, అదీ నీడలో, వడ్డన చేయరు. ఈ షరతులు చూసి పిలవడం మానుకున్నవారు కూడా ఉన్నారు. వారు పిలవనందుకు నాకు విచారం లేదు.

ఆగస్టు 16న మమ్మల్ని ఎవరూ పిలవరు. ఆ రోజు పిల్లలు గోనెసంచులు పట్టుకొని బడుల ముందు, బస్టాండులో, కాలువ గట్టున పడివున్న కాగితపు జెండాలను ఏరుతారు. కాగితపు జెండాలను నేల మీద పారవేయకూడదనీ, ఎవరి కంటా పడకుండా గౌరవంగా విసర్జించాలనీ ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. ఎన్‌సీసీ గది వెనుక ఖాళీ స్థలంలో వాటిని కాల్చుతాం. ప్లాస్టిక్ జెండాలను ఏం చేయాలో మాకు ఇంతవరకూ తోచలేదు. కడిగి, ఆరబెట్టి అట్టపెట్టెల్లో దాస్తున్నాం, ఇప్పటికి మూడు పెట్టెలు నిండాయి. 2022 జూలైలో నిబంధన సడలించి, ఇళ్ల మీద జెండాను పగలూ రాత్రీ ఎగరేయవచ్చని అనుమతించిన తర్వాత మరో పని వచ్చిపడింది. హర్ ఘర్ తిరంగా సందర్భంగా కట్టిన జెండాలు దసరా దాకా డాబాల మీదే ఉండి, రంగు వెలిసి, అంచులు పీలికలవుతున్నాయి. వాటి కోసం ఇంటింటికీ వెళ్లి తలుపు తడితే కొందరు విసుక్కుంటారు. ఒక పెద్దావిడ మాత్రం, “ఇట్టా మాసినదాన్ని ఎట్టా ఇచ్చేది నాయనా, ఉతికి పెడతాను, రేపు రండి” అని తిప్పి పంపించింది. మరునాడు వెళితే నిజంగానే ఉతికి, మడతపెట్టి ఉంచింది.

కాగితపు జెండాలకు గుచ్చిన గుండుసూదులను కాల్చే ముందు తీసి ఒక పాత హార్లిక్స్ సీసాలో వేస్తాం. అవి డిసెంబరు 7న పనికొస్తాయి. ఆ రోజు సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుపుతున్న ఈ రోజున చిన్న జెండాలు ఇచ్చి విరాళాలు సేకరిస్తారు. ఆ సొమ్ము యుద్ధాల్లో మరణించినవారి కుటుంబాలకు, వికలాంగులైన సైనికులకు, మాజీ సైనికులకు చేరుతుంది. సీలు వేసిన డబ్బాలతో మా పిల్లలు జంటలుగా బజారులోకి వెళతారు. డబ్బాను చప్పుడు చేస్తూ ఊపకూడదు, ఇంత ఇవ్వండని అడగకూడదు, ఇవ్వనివారికి కూడా నమస్కారం చెప్పి కదలాలి. బంగారం దుకాణంలో కన్నా కూరగాయల మార్కెట్‌లో డబ్బా త్వరగా బరువెక్కుతుందని పిల్లలు అంటుంటారు.

పోయిన డిసెంబరులో నేను కూడా ఒక క్యాడెట్ల జంట వెంట నడిచాను. ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడిన గార్డు, వయసు యాభై దాటి ఉంటుంది, మమ్మల్ని చూడగానే జేబులోంచి యాభై రూపాయలు తీసి డబ్బాలో వేశాడు. మాజీ సైనికులా అని మా క్యాడెట్ అమ్మాయి అడిగితే పద్దెనిమిదేళ్లు చేశానన్నాడు. ఈ డబ్బు మీవంటి వారి కోసమేనండీ, మీరు వేయనక్కరలేదు అని ఆమె అంటుండగానే ఆయన దృష్టి ఆమె టోపీ మీద పడింది. “బ్యాడ్జీ ఎడమ కన్ను పైకి రావాలమ్మా, ఇట్టా చెవి మీదికి పోతే ఎట్టా? మీ ఉస్తాద్ ఏం చూస్తున్నాడు?” అని, తుపాకీని భుజానికి తగిలించుకొని, అక్కడే నిలబెట్టి దాన్ని సరిచేయించి గానీ జెండా గుచ్చనివ్వలేదు.